వాగు అవతలి పుస్తకం

అమ్రాబాద్ అడవిలో తారు రోడ్డు పడని కాలపు కథ ఇది. మన్ననూరులో ఒక కచేరీ ఉండేది. దాన్ని నడిపే పెద్దాయన దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉండేది. అడవిలోని చెంచు పెంటల్లో ఏ గుడిసెలో ఎవరుంటున్నారు, ఎవరికి నెలకు ఎన్ని కుంచాల జొన్నలు ముట్టాలి, ఏ తేనెగట్టు ఏ కుటుంబానిది, అన్నీ అందులోనే రాసి ఉండేవి. పేరు పుస్తకంలో ఉంటే కొట్టులో జొన్నలు దొరుకుతాయి, లేకుంటే లేదు.

ఒక్క పుస్తకంతో పని సాగలేదు. రాంపూర్‌లో బిడ్డ పుడితే ఆ కబురు మన్ననూరుకు నడిచి రావాలి. ఇక్కడ పేరు ఎక్కించాక ఆ సంగతి మళ్లీ నడిచి వెళ్లాలి. ఈలోగా తల్లికి ఒక నెల జొన్నలు పోయేవి. పెద్దాయన ఆలోచించి ఏడు నకళ్లు రాయించాడు. అప్పాపూర్, బౌరాపూర్, రాంపూర్, మల్లాపూర్, సార్లపల్లి, పుల్లాయిపల్లి, ఫర్హాబాద్, పెంటకొకటి పంపాడు. ఏడింటిలోనూ ఏడు పెంటల పేర్లూ ఉండేవి. చెంచులు ఒకచోట కదలకుండా కూర్చునేవాళ్లు కారు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో అత్తగారి పెంటకు పోతారు, గడ్డలు తవ్వే రోజుల్లో ఇంకో చుట్టం దగ్గరికి పోతారు. ఎక్కడ ఆగితే అక్కడే జొన్నలు అందాలంటే ప్రతి పుస్తకంలోనూ అందరి పేర్లూ ఉండాలి.

పెంటకొక లెక్కగాణ్ని పెట్టాడు. పుట్టిన పేరు ఎక్కించడం, పోయిన పేరు కొట్టేయడం, పెళ్లయి వచ్చిన పిల్లను ఇల్లు మార్చి రాయడం వాళ్ల పని. రాసిన ప్రతి మాటనూ చీటీ మీదకెక్కించి హర్కారాతో మన్ననూరుకు పంపాలి. మన్ననూరు ఆ చీటీని మిగిలిన ఆరు పెంటలకూ పంపుతుంది.

మొదటి ఏడాదే చిక్కొచ్చింది. రాంపూర్ పిల్లకు మల్లాపూర్‌లో పెళ్లయింది. రాంపూర్ లెక్కగాడు పిల్ల మల్లాపూర్‌కు పోయిందని రాసి పంపాడు. కొన్నాళ్లకే ఆమె పెనిమిటి చనిపోయి, పుట్టింటికి వచ్చేసింది. మల్లాపూర్ లెక్కగాడు పిల్ల రాంపూర్‌కు పోయిందని రాసి పంపాడు. మొదటి చీటీ తెచ్చేవాడికి దారిలో ఎలుగుబంటి అడ్డమొచ్చి చుట్టు తిరిగి వచ్చాడు. రెండోవాడు సాఫీగా ముందొచ్చాడు. పెద్దాయన ఆఖరున చేతికందిన చీటీనే ఆఖరి మాట అనుకుని రాశాడు. పుట్టింట్లో కూర్చున్న ఆడపిల్ల, ఏడు పుస్తకాల ప్రకారం మల్లాపూర్‌లో కాపురం చేస్తోంది. రాంపూర్ కొట్టులో ఆమెకు జొన్నలు పుట్టలేదు.

ఆ సంగతి తెలిశాక పెద్దాయన కొన్ని కట్టుబాట్లు పెట్టాడు. ప్రతి చీటీ మీద రాసిన పెంట పేరు, ఆ పెంటలో అది ఎన్నో చీటీనో, రాసిన రోజు ఏదో ఉండాలి. రోజులు లెక్కపెట్టడంలో ఒక్కో లెక్కగాడు ఒక్కో తీరు కాబట్టి, పున్నమి నుంచి పున్నమికి లెక్క కట్టాలన్నాడు. ఆకాశంలో పున్నమి ఏడు పెంటలకూ ఒకటే కదా. పేరు కొట్టేయాల్సి వస్తే చెరపకూడదు. కింద పేరు కనబడేటట్టు ఒక గీత గీసి, ఏడాది దాకా అలాగే ఉంచాలి. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరలో ఏడుగురు లెక్కగాళ్లూ పుస్తకాలు పట్టుకుని కలుస్తారు. గుండం ఒడ్డున కూర్చుని వరసకు వరస చదివి సరిచూసుకుంటారు.

ఇవన్నీ కాక ఆయన చేతిలో ఒక ముద్ర ఉండేది. ముద్ర పడిన చీటీ వస్తే లెక్కగాడు ఎదురు అడగకుండా చెప్పింది చేయాలి. పెద్దాయన దాన్ని వాడింది బహు తక్కువ. వాడినా, ముందు ఒక్క ఫర్హాబాద్‌కే పంపేవాడు. అక్కడి జనం ఏమన్నారో హర్కారా తిరిగొచ్చి చెప్పాకే మిగిలిన ఆరింటికీ చీటీలు బయలుదేరేవి.

పెద్దాయనకు చూపు మందగించింది. అచ్చంపేట నుంచి చదువుకున్న కుర్రాడు వచ్చి ఆ పీట మీద కూర్చున్నాడు. మంచి పనిమంతుడు, ఒక గింజ కూడా పక్కకు పోనివ్వడు. ఏడు పుస్తకాల మీద ఒక్కచోట నుంచి ఇంత అదుపు ఉండగా పని ఇంత మెల్లగా ఎందుకు నడవాలి అనిపించింది అతనికి. చీటీలన్నీ తన బల్ల మీదికే వస్తున్నాయి, ఏడు పుస్తకాలూ ఒకటే మాట చెబుతున్నాయి, ఇక సలేశ్వరంలో కూర్చుని చదవడం దండగ అని ఆపించాడు. గీతలు పడ్డ పాత పుస్తకాలు చూడబుద్ధి కావడం లేదని, శుభ్రంగా కొత్తవి రాసుకుని పాతవి కాల్చేయమన్నాడు. ముద్ర చీటీలు ఏడు పెంటలకూ ఒకే పొద్దున బయలుదేరడం మొదలైంది.

ఆ ఎండాకాలం చివర లెక్కలు తీస్తుంటే, రెండు నెలలుగా జొన్నలు తీసుకోని ఇళ్లు చాలా కనబడ్డాయి. ఇన్ని దొంగ పేర్లున్నాయా అని అతనికి గుండె ఝల్లుమంది. కొట్టు గింజలు కాపాడాలన్న ఆత్రంతో ముద్ర వేశాడు: రెండు నెలలు రానివాళ్ల పేర్లు తీసేయండి, మిగిలినవాటితో కొత్త పుస్తకం రాసుకోండి, పాతది కాల్చేయండి.

మిరుగు వానలు పడ్డాయి. తేనెకు పోయినవాళ్లు తిరిగి వచ్చారు. ఏ కొట్టుకు పోయినా పేరు లేదన్నారు. అప్పాపూర్ నుంచి ఒక అవ్వ, వెంట నలుగురు ఆడవాళ్లతో నడుచుకుంటూ మన్ననూరు వచ్చింది.

"బిడ్డా, మా పేర్లు ఎవరు దీసిన్రు?"

"రెండు నెలలు గింజలు తీసుకోలేదు కదవ్వా, మీరు లేరనుకున్నం."

"తేనె పట్టే దినాలు గద బిడ్డా. ఇంటిల్లిపాదీ గట్ల మీద్నే ఉంటం. గడ్డలు దింటం, గట్లనే బతుకుతం. ఇది మా తాతలనాటి సంది ఉన్నదే. గీత గొట్టే ముందల ఒక్కనికన్న కబురు బెట్టకపోతివి."

కుర్రాడు తన పుస్తకం తెరిచాడు. అదీ కొత్తదే. అందులోనూ ఆమె లేదు. ఏ పెంట పుస్తకం తెప్పించినా ఇదే తీరుగా ఉంటుందని అతనికి అప్పుడు తెలిసింది. ఏడు నకళ్లున్నాయన్న ధైర్యం అతనిది. ఏడింటినీ ఒకే చేత్తో తుడిచేసుకున్నాడు.

అరుగు మీద కూర్చున్న పెద్దాయన అంతా వింటున్నాడు. "ఏ పెంట నుంచి జవాబు రాలేదు?" అని అడిగాడు.

"బౌరాపూర్ నుంచి, తాతా. వాళ్లెప్పుడూ ఆలస్యమే. వాగు పొంగిందట, చీటీ అందలేదట. జరిమానా వేద్దామనుకుంటున్న."

"హర్కారా యాడున్నడు?"

"వాగొడ్డునే ఉన్నడు. నీళ్లు తగ్గంగనే దాటుతడు."

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "పుస్తకం సంగతి తర్వాత. ముందుగాల వాణ్ని ఆపు. వాడు దాటిండంటే అదొక్కటీ పోతది."

ఇద్దరు పడుచువాళ్లు రాత్రికి రాత్రే పరుగెత్తారు. వాగు నడుం లోతుకు తగ్గింది. హర్కారా చీటీని తలపాగాలో చుట్టుకుని నీళ్లలో కాలు పెట్టి ఉన్నాడు. వెనక్కి పిలిచారు. అవతల బౌరాపూర్ లెక్కగాడు ముసలివాడు, వాగు దాటలేడు. తేనె తీసేవాళ్లు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తాడు కట్టారు. గట్టు మీద తేనె దింపేటప్పుడు తాడు పట్టుకునే బాధ్యత బావమరిదికే ఇస్తారు చెంచులు. అక్క పసుపుకుంకుమలు అతని పిడికిట్లో ఉంటాయి కాబట్టి వదలడు. ఆ పొద్దు కూడా తాడు ఒక కొస ఒక బావమరిది చేతిలోనే ఉంది. మైనం పూసిన మోదుగాకుల్లో చుట్టిన పుస్తకం తాడు మీద వాగు దాటింది. ఒకడి చేతి నుంచి ఇంకొకడి చేతికి మారుతూ మన్ననూరు చేరింది.

అందులో ఎండాకాలం మొదటి దాకా పేర్లన్నీ ఉన్నాయి. ఆ తర్వాత పుట్టినవాళ్లు, పోయినవాళ్లు అందులో లేరు. వాళ్ల సంగతి అవ్వ చెప్పింది, కుర్రాడు రాసుకున్నాడు. మిగిలిన పెంటలకు తనే నడిచి వెళ్లి, ఇంటింటి ముందూ కూర్చుని రాసుకొచ్చాడు. ఆ మరుసటి చైత్ర పున్నమికి లెక్కగాళ్లు మళ్లీ సలేశ్వరంలో కలిశారు. నకళ్ల సంఖ్య ఎనిమిదైంది. ఎనిమిదోది కుర్రాడు ఒక రాతి గుహలో పెట్టించాడు. దాని మీద మన్ననూరు ముద్ర చెల్లదని తనే కట్టుబాటు రాశాడు.

నీతి

దూరాన ఉన్న పది పుస్తకాలను ఒక్క పీట మీద నుంచి దిద్దేవాడు, తన చెయ్యి ఎంత దూరం పోతుందో తన తప్పు కూడా అంతే దూరం, అంతే వేగంగా పోతుందని గుర్తుంచుకోవాలి. తన ఆజ్ఞ చేరని నకలు ఒకటి తనే ఏర్పరుచుకోవాలి.

ఇది చెంచు పెంటల కోసం అల్లిన కథ అయినా, నా మనసులో ఉన్నది ఇవాళ్టి పీట. పెద్ద కంపెనీలో, బ్యాంకులో, విశ్వవిద్యాలయంలో పొద్దున్నే ఉద్యోగి పేరూ పాస్‌వర్డూ కొట్టగానే, ఈ మనిషి మనవాడేనా, ఇతనికి ఏ ఫైలు తెరిచే హక్కుంది అని తేల్చేది డైరెక్టరీ సర్వర్. ఈ డైరెక్టరీ పుస్తకాలకు 1988లో ఎక్స్.500 అనే ప్రమాణం వచ్చింది. అది మామూలు యంత్రాలు మోయలేనంత బరువు. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ హోవ్స్, మరో ఇద్దరితో కలిసి 1993లో దాన్ని తేలిక చేసి ఎల్‌డాప్ అనే పద్ధతి రాశాడు. ఇవాళ్టికీ ప్రపంచంలో ఎన్నో కార్యాలయాలు ఆ పద్ధతిని వాడుతున్నాయి.

ఒక్క సర్వర్ చాలదు. డల్లాస్‌లో ఒకటి, లండన్‌లో ఒకటి, సింగపూర్‌లో ఒకటి పెడతారు. ఒకచోట మార్చింది మిగిలినచోట్లకు తనంతట తాను పాకుతుంది. వీటన్నిటినీ ఒకే తెర మీద చూపించి, ఒకే చోట నుంచి దిద్దనిచ్చేదే అడ్మిన్ కన్సోల్. ఆ కన్సోల్ ముందు రాత్రి షిఫ్టులో కూర్చునేవాళ్లలో మన తెలుగు పిల్లలు ఎంతోమంది. ఈ కథ వాళ్ల కోసమే రాశాను.

పెద్దాయన కట్టుబాట్లేవీ నా ఊహలో పుట్టినవి కావు. ఈ సర్వర్లలో ప్రతి మార్పుకూ ఏ సర్వర్‌లో జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎన్నోది అన్న గుర్తు ఉంటుంది. గడియారాలు తేడా పడితే పాత మాట కొత్త మాటను తొక్కేయవచ్చు. అందుకే అన్ని యంత్రాల గడియారాలనూ ఒకే కాలానికి కట్టిపెడతారు. పున్నమి చేసే పని అది. మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీలో తీసేసిన పేరు వెంటనే మాయం కాదు. మొదట్లో 60 రోజులు, తర్వాతి రూపాల్లో 180 రోజులు, చనిపోయినట్టు గుర్తు వేసుకుని లోపలే ఉంటుంది. పేరు కనబడేలా గీసిన గీత అదే. కొన్నాళ్లు కరెంటు లేక ఆగిపోయిన సర్వర్ తిరిగి లేచి, అందరితో కలవగానే, మిగిలినచోట్ల పొరపాటున తీసేసిన మంచి పేర్లను తన దగ్గర కూడా తీసేసుకుంటుంది. వాగొడ్డున హర్కారాను ఆపడం ఎందుకంత అవసరమో ఈ పని చేసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

బౌరాపూర్ పుస్తకం కూడా నిజమే. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్ ప్రపంచంలోని పెద్ద ఓడల కంపెనీల్లో ఒకటైన డెన్మార్క్ వారి మేర్‌స్క్‌ను పడగొట్టింది. ఆ కంపెనీకి ప్రపంచమంతటా 150 దాకా డైరెక్టరీ సర్వర్లు ఉన్నాయి. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుందని అన్నిటినీ ఒకదానితో ఒకటి ముడివేసి పెట్టారు. అన్నీ ఒకేసారి పోతే ఏం చేయాలన్నది ఎవరూ తలచలేదు. అన్నీ పోయాయి, ఆఫ్రికాలోని ఘానాలో ఉన్న ఒక్కటి తప్ప. వైరస్ రావడానికి కాస్త ముందు అక్కడ కరెంటు పోయింది. సర్వర్ తీగ తెగి ఉండడంతో బతికిపోయింది. అక్కడి నుంచి ఇంగ్లండుకు తీగ మీద పంపుదామంటే అంత బరువు మోసే లైను లేదు. మనిషిని పంపుదామంటే ఘానా ఉద్యోగుల్లో ఎవరికీ బ్రిటన్ వీసా లేదు. ఒకతను హార్డ్‌డిస్క్ పట్టుకుని నైజీరియాకు విమానమెక్కాడు. అక్కడ ఇంకొకరి చేతికిచ్చాడు. ఆ రెండో మనిషి దాన్ని లండన్‌కు చేర్చాడు. పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ కట్టుకున్నామని ఆ కంపెనీ చైర్మన్ 2018 జనవరిలో దావోస్‌లో చెప్పాడు. ఆ కట్టడానికి పునాది, కరెంటు పోవడం వల్ల మిగిలిన ఒక్క పుస్తకం. అదృష్టం బాగుండి అది మిగిలింది. అదృష్టం చేసిన ఆ పనిని మన చేతులతో మనం ముందే చేసి పెట్టుకోవడాన్నే బ్యాకప్ అంటాం.

అంతా ఆగిపోవడానికి వైరస్ కూడా అక్కర్లేదు, ఒకరి ఆజ్ఞ చాలు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతా నిలిచిపోయాయి. నెట్‌వర్క్ సామర్థ్యం ఎంతుందో చూద్దామని మామూలు మరమ్మతు వేళ ఇచ్చిన ఒక ఆజ్ఞ, ఆ కంపెనీ డేటా సెంటర్ల మధ్య లైన్లన్నిటినీ తెంచేసింది. అలాంటి ఆజ్ఞలను ఆపాల్సిన పరీక్ష యంత్రంలోనే లోపం ఉండి ఆపలేకపోయింది. దూరం నుంచి సరిచేద్దామంటే, సరిచేసే పనిముట్లూ అదే లైన్ల మీద నడుస్తున్నాయి. చివరికి మనుషులు వెళ్లి యంత్రాల ముందు నిలబడాల్సి వచ్చింది. కొత్త కుర్రాడిలా ఏడు పెంటలకూ ఒకే పొద్దున చీటీ పంపితే జరిగేది ఇదే. పెద్దాయన ముందు ఫర్హాబాద్‌కు పంపి, జవాబు కోసం ఆగడం మందకొడితనం అనిపించవచ్చు. నా దృష్టిలో ఆ ఆగడమే ఆ ఉద్యోగంలో అసలు నేర్పు.

కంపెనీ పుస్తకంలో పేరు పోతే ఉద్యోగి ఒక పూట లాగిన్ కాలేడు. సర్కారు పుస్తకంలో పేరు పోతే పొయ్యి వెలగదు. తెలంగాణలో ఇంటికి వెళ్లి విచారించకుండా, కంప్యూటర్ లెక్కల మీద రేషన్ కార్డులు రద్దు చేశారన్న పిటిషన్ మీద 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పందించింది. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయికి వెళ్లి మళ్లీ పరిశీలించమని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. కోర్టు చెప్పిన మాటా, అవ్వ అడిగిన మాటా ఒకటే: గీత కొట్టే ముందు ఒక మనిషిని పంపి కనుక్కోండి. జాబితాలో దొంగ పేర్లు ఉండవని నేను అనను. ఉంటాయి, వాటిని ఏరాలి కూడా. కానీ అసలు మనిషి పేరు తీసేయడం వల్ల కలిగే నష్టం, దొంగ పేరు ఇంకో నెల మిగలడం వల్ల కలిగే నష్టం సమానమైనవి కావు. పీట మీద కూర్చున్నవాడికి రెండూ ఒక వరస తేడాలాగే కనిపిస్తాయి కాబట్టి, ఈ తూకం అతనికి ఎవరైనా నేర్పాలి.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. ఫోన్ సిగ్నల్ అందని పెంటలు అందులో ఇప్పటికీ ఉన్నాయి. చెంచులు ప్రత్యేకంగా కాపాడుకోవాల్సిన ఆదివాసీ తెగల్లో ఒకరు. వాళ్ల పేర్లు ఇప్పుడు ఎక్కడో దూరాన ఉన్న సర్వర్లలో ఉన్నాయి. తెర మీద ఒక పేరుకు చాలాకాలంగా కదలిక లేదంటే ఆ మనిషి లేడని ఎంతమాత్రం అర్థం కాదు. తేనెకు పోయి ఉండవచ్చు, వాగు పొంగి ఉండవచ్చు, వేలిముద్ర యంత్రానికి సిగ్నల్ అందక ఉండవచ్చు. ఇవి తెర మీద రావు. అడిగితేనే తెలుస్తాయి.

అలాంటి కన్సోల్ ముందు కూర్చునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక విన్నపం. ఈ వారంలో ఒక గంట తీరిక చేసుకోండి. మీ బ్యాకప్‌ను ఏ లైనూ తగిలించని వేరే యంత్రంలో తెరిచి, పేర్లు నిజంగా వస్తున్నాయో లేదో కళ్లతో చూడండి. మీ కన్సోల్ నుంచి దాన్ని కూడా చెరిపేయడం సాధ్యమేనా అన్నది పరీక్షించండి. సాధ్యమే అయితే దాన్ని అక్కడి నుంచి వెంటనే బయటికి తీయండి.